భుజం క్లెయిమ్ డినై అయిందా, ముందు ఆ లెటర్ సరిగ్గా చదువు

తమ్ముడూ,

వీఏ (అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) వాళ్లు పరిహారం కోసం నువ్వు పెట్టిన కుడి భుజం క్లెయిమ్ కొట్టేశారని, ఇవాళ రాత్రే అప్పీల్ పెట్టేస్తానని రాశావు. ఆగు. లెటర్ మీద ఉన్న తేదీ నుంచి నీకు ఏడాది టైముంది. ఆ ఏడాది లోపల ఏ దారిలో వెళ్లినా నీ పాత క్లెయిమ్ తేదీ నీకే ఉంటుంది, అంటే గెలిస్తే అప్పటి నుంచి బకాయిలు కలిపి ఇస్తారు. ఏడాది దాటాక కూడా కొత్త ఆధారంతో మళ్లీ అడగొచ్చు, కానీ ఆ పాత తేదీ మామూలుగా పోయినట్టే. కాబట్టి తొందరా వద్దు, బద్ధకమూ వద్దు.

సర్వీస్ కనెక్షన్, అంటే జబ్బు సైన్యంలో చేసిన ఉద్యోగం వల్ల వచ్చిందన్న గుర్తింపు, రావాలంటే మూడు రుజువు కావాలి: ఇప్పుడు జబ్బు ఉండాలి, సర్వీసులో ఏదో జరిగి ఉండాలి, ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరైనా డాక్టర్ చెప్పాలి. నువ్వు పంపిన ఫొటోల్లో 'ఫేవరబుల్ ఫైండింగ్స్' (నీకు అనుకూలంగా తేల్చినవి) అనే భాగం ఉంది చూడు, చాలామంది దాన్ని దాటేసి కింద 'డినైడ్' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. రొటేటర్ కఫ్ టెండినైటిస్ (భుజం కీలు చుట్టూ కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ల, అంటే టెండన్ల, వాపు) ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. మోటార్ పూల్‌లో (సైనిక వాహనాల షెడ్డులో) పనిచేసేటప్పుడు భుజం నొప్పితో సిక్ కాల్‌కి, అంటే ఆర్మీ వైద్యులకి చూపించుకోవడానికి, వెళ్లావనీ ఒప్పుకున్నారు. ఒకసారి అలా రాశాక, స్పష్టమైన తప్పు జరిగిందని చూపిస్తే తప్ప, పై స్థాయిలో కూర్చున్నవాళ్లు వాటిని కాదనడానికి లేదు. అంటే మిగిలిన గొడవ ఒక్కటే, మూడోది. నువ్వేమో ఎంఆర్ఐ మళ్లీ తీయించి పంపిస్తా అంటున్నావు. ఉందని వాళ్లు ఒప్పుకున్న జబ్బుని మళ్లీ రుజువు చేసి ఏం లాభం? మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడతారు, కోపంలో కాగితాల కట్ట పంపిస్తారు, అందులో కావలసిన ఆ ఒక్క కాగితం ఉండదు.

ముందుగా 20-10206 ఫారం పెట్టి నీ సీ-ఫైల్ (నీ క్లెయిమ్ కాగితాలన్నీ ఉండే వీఏ ఫైల్) అడుగు, కనీసం సీ అండ్ పీ పరీక్ష (క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష) రిపోర్ట్ అయినా తెప్పించుకో. ఆ పరీక్ష చేసినాయన ఏ కారణం రాశాడో తెలియకుండా జవాబు రాయడం కుదరదు. నాకు తెలిసినంతలో ఇలాంటి భుజం కేసుల్లో ఎక్కువగా కనపడే వాక్యం ఇదే: సర్వీసులో ఒక్కసారే చూపించుకున్నాడు, తర్వాత కొన్నేళ్ల పాటు వైద్యం రికార్డు లేదు, కాబట్టి సంబంధం లేదు. నీ రిపోర్ట్‌లో కూడా ఇదే ఉంటే, నువ్వు ఇచ్చిన స్టేట్‌మెంట్ గురించి అందులో ఒక్క మాటైనా ఉందా అని చూడు. రికార్డు లేదన్న ఒకే ఒక్క కారణంతో మనిషి చెప్పిన మాటని తోసెయ్యకూడదని 2006లో బుకానన్ కేసులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. డాక్టర్ దాన్ని అసలు పట్టించుకోకపోతే అది వాళ్ల తప్పు, నీకు పనికొచ్చే తప్పు.

ఇక దారులు. 2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో మూడున్నాయి. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. ఉన్న ఫైల్‌లోనే తప్పు చేశారని చూపించగలిగితే హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996, అందులో కొత్త కాగితం ఒక్కటి కూడా తీసుకోరు గానీ, అడిగితే రివ్యూ చేసే అధికారి నీతో ఫోన్‌లో మాట్లాడతాడు. మూడోది వెటరన్స్ అప్పీళ్ల బోర్డుకి వెళ్లడం, ఫారం 10182, అక్కడ జడ్జి చూస్తారు, హియరింగ్ కూడా అడగొచ్చు, కానీ చాలా కాలం పడుతుంది. నన్నడిగితే, నీకు మంచి డాక్టర్ లెటర్ దొరికేట్టుంటే మొదటి దారే. లెటర్ లేకుండా రెండో దారికి వెళ్తే, బాగా జరిగితే ఇంకో పరీక్షకి పంపుతారు, అంతకు మించి రావడం తక్కువ.

ఆ లెటర్ గురించి కాస్త వివరంగా చెప్తాను. నీకు వైద్యం చేస్తున్న ఆర్థోపెడిక్ డాక్టర్ అయితే మేలు. ఆయనకి సిక్ కాల్ కాగితాలు, ప్రొఫైల్ కాగితం (ఏ పనులు చెయ్యకూడదో ఆర్మీ డాక్టర్ రాసిచ్చేది), డినయల్ లెటర్, ఆ పరీక్ష రిపోర్ట్ అన్నీ ఇవ్వు, ఇవన్నీ చదివానని ఆయన లెటర్‌లో రాయాలి. 'అయి ఉండొచ్చు' అని రాస్తే చెల్లదు. 'అట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్', అంటే కనీసం 50 శాతం అవకాశం ఉంది అని రాయాలి, సగం సగంగా ఉంటే చట్టం నీ వైపే మొగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎందుకో రాయాలి: ఏళ్ల తరబడి ట్రాన్స్‌మిషన్లు ఎత్తడం, వాహనం కింద పడుకుని చేతులు పైకి చాచి పనిచెయ్యడం ఆ టెండన్‌ని ఎలా అరగదీస్తుంది, మధ్యలో వైద్యం లేకపోయినా నొప్పి ఎందుకు కొనసాగి ఉంటుంది. కారణం లేని లెటర్ పది పేజీలున్నా బరువుండదు.

మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్లకి మనుషుల మాట కావాలి. 21-10210 ఫారం మీద మీ ఆవిడ రాయొచ్చు, నీతో పనిచేసిన సార్జెంట్ రాయొచ్చు. "మా ఆయన చాలా మంచివాడు, ఎంతో కష్టపడ్డాడు" అని కాదమ్మా, చూసింది రాయమను: ఏ ఏడాది నుంచి కుడి పక్కకి తిరిగి పడుకోవడం మానేశాడు, పిల్లని ఏ చేత్తో ఎత్తుకుంటాడు, పై అరలో గిన్నె ఎవరు తీస్తారు. ఇంకో సంగతి, సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడ ఫిజియోథెరపీ చేయించుకున్నానన్నావు కదా. ఆ రసీదులూ ప్రిస్క్రిప్షన్లూ కూడా ఆధారమే. ఇండియావి ఇక్కడ చెల్లవనుకుని చాలామంది పారేస్తారు, చెల్లుతాయి.

మళ్లీ పరీక్షకి పిలుస్తారు, అప్పుడు అసలు జాగ్రత్త. సరైన కారణం లేకుండా ఎగ్గొట్టావో, కథ అక్కడితో అయిపోవచ్చు. గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే పరికరం) పెట్టి చెయ్యి ముందుకి ఎంత లేస్తుంది, పక్కకి ఎంత లేస్తుంది కొలుస్తారు. మామూలు భుజం 180 డిగ్రీలు లేస్తుంది. వీఏ రేటింగ్ (వైకల్య శాతం) పట్టికలో భుజం కదలికకి ఉన్న 5201 కోడ్ కింద 90 డిగ్రీల దగ్గర, అంటే భుజం ఎత్తులో ఆగిపోతే 20 శాతం, 45 దగ్గర ఆగితే రాసే చేతికి 30, రెండో చేతికి 20, 25 దగ్గరే ఆగితే 40, 30. కదిపితే నొప్పి ఉన్న కీలుకి ఆ కోడ్‌లో ఉన్న కనీస రేటింగ్ అయినా ఇవ్వాలని కూడా నియమం ఉంది. అందుకని నొప్పి మొదలైన చోటే నోరు తెరిచి "ఇక్కడి నుంచి నొప్పి" అను. పళ్లు బిగించి పైదాకా ఎత్తావంటే 170 అని రాసుకుంటారు, అదే నిలిచిపోతుంది. ఆర్మీ నేర్పిన ఓర్పు, మన ఇళ్లల్లో నేర్పిన మొహమాటం, రెండూ కలిసి ఆ గదిలో మనల్ని ముంచుతాయి. "హౌ ఆర్ యూ" అనగానే "గుడ్, గుడ్" అనేస్తాం. అలాగని నటించకు, జాకెట్ ఎలా విప్పావో కూడా చూస్తారు.

నొప్పి ఎక్కువయ్యే రోజుల గురించి వాళ్లు అడగకపోయినా నువ్వే చెప్పు: నెలలో ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, అప్పుడు చెయ్యి ఎంతవరకు లేస్తుంది, ఏ పని ఆగిపోతుంది. "ఇవాళ నొప్పి ఎక్కువగా లేదు కాబట్టి చెప్పలేను" అని డాక్టర్ ఊరికే తప్పించుకోకూడదని, నువ్వు చెప్పినదాన్ని బట్టి అంచనా వెయ్యాలని 2017లో షార్ప్ కేసులో వెటరన్స్ కోర్టు చెప్పింది. కుడిచేతి వాటమని రిపోర్ట్‌లో రాశారో లేదో కూడా చూసుకో.

ఎడమ భుజం కూడా లాగుతోందన్నావు. కుడి చెయ్యి వాడలేక భారం దాని మీద పడిందని డాక్టర్ రాస్తే సెకండరీగా, అంటే కుడి భుజం వల్ల వచ్చినదిగా, అడగొచ్చు, కానీ దానికి ముందు కుడిది గెలవాలి.

డబ్బు మాట. డీఏవీ, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంస్థల ప్రతినిధులు ఉచితంగా చేసిపెడతారు, వాళ్లలో ఒకరిని పట్టుకో. లాయర్ అయితే వీఏ గుర్తింపు ఉన్నవాడే, బకాయిల్లో 20 శాతం వరకు తీసుకోవడం న్యాయమైనదిగానే చూస్తారు. "రేటింగ్ గ్యారంటీ, పెరిగాక వచ్చే డబ్బులో ఆరు నెలలది మాకు" అని ఫేస్‌బుక్‌లో మెసేజ్‌లు పెట్టేవాళ్లకి మాత్రం నీ లాగిన్ ఇవ్వకు, ఎంత తియ్యగా మాట్లాడినా సరే.

రిపోర్ట్ రాగానే నాకు పంపు. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందే ఇద్దరం కూర్చుని చూద్దాం, ఆయన ఏయే మాటలకి జవాబు రాయాలో గీతలు పెట్టి ఇద్దాం.

అన్న