ఒక్క కెటిల్‌బెల్ చాలునా? ఇంటి వ్యాయామంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 34. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జిమ్‌కు వెళ్ళి రావడానికే గంటన్నర పడుతోందని మూడు నెలల కిందట ఆన్‌లైన్‌లో 24 కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప బరువు) తెప్పించుకున్నాను. వీడియోలు చూసి రోజూ వంద స్వింగ్‌లు (బరువును కాళ్ళ మధ్య నుంచి ఛాతీ ఎత్తుకు ఊపడం) చేశాను. రెండో వారానికే నడుము పట్టేసింది. ఇప్పుడది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుగా పనికొస్తోంది. నేను చేసిన తప్పేమిటి? మళ్ళీ మొదలుపెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: మీ తలుపుకు అడ్డుగా ఉన్న ఆ ఇనుపముద్ద పుట్టింది కూడా వ్యాయామం కోసం కాదు. రష్యాలో దానిని ‘గిర్య’ అంటారు. సంతల్లో ధాన్యం తూచడానికి దానిని తూకపురాయిగా వాడేవారు. అక్కడి పాత కొలమానమైన ‘పూద్’ మన లెక్కలో 16.38 కిలోలు. కెటిల్‌బెల్ బరువుల్లో 16, 24, 32 కిలోలు ప్రధానమైన మెట్లుగా నిలవడానికి కారణమదే. అవి ఒక పూద్, ఒకటిన్నర పూద్, రెండు పూద్‌లు. 1885లో వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ అనే వైద్యుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బరువుల వ్యాయామానికి ఒక బృందాన్ని ఏర్పాటు చేశాడు. ఇలాంటి బరువులకు పద్ధతైన సాధనలో చోటు దొరకడంలో ఆయన పాత్ర పెద్దది. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, మీరు కొన్న 24 కిలోలు ‘మధ్యరకం సైజు’ కాదు. మొదటి మెట్టు మీద కొంతకాలం నిలదొక్కుకున్నవారు ఎక్కవలసిన రెండో మెట్టు. ఇంతకుముందు బరువులు ఎత్తే అలవాటు లేని పురుషుడికి 12 లేదా 16 కిలోలు, స్త్రీకి 8 కిలోలు మొదట్లో సరిపోతాయి.

బరువు ఎక్కువ కావడం సగం తప్పు మాత్రమే. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, నడుము పట్టేయడానికి అసలు కారణం మీరు వంగిన తీరే అయి ఉంటుంది. కింద పడిన పెన్ను తీయడానికి మనం సాధారణంగా వెన్నును విల్లులా వంచుతాం. స్వింగ్‌లో వంగవలసింది వెన్ను కాదు, తుంటి కీలు. గోడ వైపు వీపు పెట్టి, దానికి జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్ళను కొద్దిగా మాత్రమే సడలించి, పిరుదులు గోడకు తగిలేదాకా వెనక్కి నెట్టండి. తగలడం సులువయ్యాక మరో రెండంగుళాలు ముందుకు జరిగి అదే పని చేయండి. తొడల వెనుక కండరాలు లాగినట్లు అనిపిస్తే కదలిక సరైనదే. ఇంకా నమ్మకం కలగకపోతే బూజుకర్రను వీపు మీద నిలువుగా పట్టుకోండి. అది తల వెనుక, భుజాల నడుమ, వెన్ను చివర, ఈ మూడుచోట్లా తగిలి ఉండాలి. వంగేటప్పుడు ఏ ఒక్కచోట కర్ర విడిపోయినా అక్కడే ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ చిన్న పరీక్షలో నెగ్గకుండా స్వింగ్ జోలికి వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

విచిత్రమేమిటంటే, స్వింగ్‌కు మీకు ఎక్కువైన ఆ 24 కిలోలే డెడ్‌లిఫ్ట్‌కు చక్కగా సరిపోతాయి. నొప్పి పూర్తిగా తగ్గాక దానిని రెండు చీలమండల మధ్య నేలపై ఉంచి, ఇందాక చెప్పిన విధంగా తుంటిని మడిచి పట్టుకుని, పాదాలతో నేలను కిందికి నొక్కుతున్నట్లుగా నిలబడండి. వారానికి మూడు రోజులు, రోజుకు ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు, మూడు వారాలపాటు ఇదొక్కటే చేయండి. ఆ తరువాత 16 కిలోలతో స్వింగ్ మొదలుపెట్టవచ్చు. స్వింగ్‌లో చేతులు కేవలం తాళ్ళు. బరువును విసిరేది తుంటి. బరువు ఛాతీ ఎత్తు దాటనక్కరలేదు. అది కిందికి వస్తున్నప్పుడు తొందరపడి ముందే వంగకుండా, ముంజేతులు దాదాపు పొట్టకు తగిలే వరకు ఆగి అప్పుడు తుంటిని మడవాలి. బరువు మోకాళ్ళకు బాగా పైగా, తొడల మధ్య నుంచి వెనక్కి పోవాలి. మోకాళ్ళ కిందుగా పోతే దాని భారమంతా నడుము మీదే పడుతుంది. పది స్వింగ్‌లు చేసి, ఊపిరి నిదానించాక మరో పది చేయండి. మొదటి నెలలో ఇలా నాలుగైదు విడతలు చాలు. వంద అనే అంకె మీద మనకు మోజు ఎక్కువ. కానీ ప్రదక్షిణల లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అలసిన తరువాత చేసే అరవయ్యో స్వింగ్ మొదటిదానిలా ఉండదు.

నొప్పి కాలిలోకి దిగి మోకాలు దాటినా, తిమ్మిరి పట్టినా, కాలు బలహీనంగా తోచినా వ్యాయామానికి ముందు ఎముకల వైద్యుణ్ణి కలవాలి. మలమూత్రాలపై పట్టు తప్పితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: నేను గృహిణిని, వయసు 46. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. మా అమ్మాయి 8 కిలోల కెటిల్‌బెల్ కొనిచ్చి చేయమంటోంది. పొద్దున లేచింది మొదలు ఇంటి చాకిరీ ఉండనే ఉంది, మళ్ళీ ఇదెందుకని నా సందేహం. పైగా బరువులెత్తితే చేతులు మగవాళ్ళలా తయారవుతాయని మా ఆడపడుచు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇంటి చాకిరీ శ్రమ కాదని ఎవరూ అనలేరు, కానీ శ్రమ వేరు, బలం పెరగడం వేరు. మీరు ఇరవై ఏళ్ళుగా ఎత్తుతున్న నీళ్ళ బకెట్ బరువు ఇరవై ఏళ్ళుగా అంతే ఉంది. శరీరం ఆ బరువుకు ఎంత బలం కావాలో అంతే సమకూర్చుకుని, అక్కడితో ఆగిపోయింది. అలవాటైన దానికంటే కాస్త ఎక్కువ కష్టం, అదీ క్రమక్రమంగా, ఎదురైనప్పుడే కండరం గానీ ఎముక గానీ గట్టిపడుతుంది. ముట్లుడిగే వయసు దగ్గర పడుతున్నప్పుడు ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడడం మొదలవుతుంది గనుక, మీ వయసులో ఇది అలంకారం కాదు, అవసరం. పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నడక మంచిదే అయినా ఆ రెండు రోజుల లెక్కలోకి రాదు.

ఇక మీ ఆడపడుచు గారి భయం సంగతి. కండరాలను పెంచే టెస్టోస్టిరాన్ పురుషుల్లో ఉన్నదానితో పోలిస్తే స్త్రీలలో చాలా స్వల్పం. మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. దాని వెనుక ఏళ్ళ తరబడి సాగిన సాధన ఉంది. వారానికి మూడు అరగంటలతో పొరపాటున కూడా ఎవరూ మల్లీశ్వరి అయిపోరు!

బీపీ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ముందుగా మీ వైద్యుణ్ణి అడగండి. బీపీ మందుతో అదుపులో ఉన్నవారు చాలామంది బలవర్ధక వ్యాయామం నిశ్చింతగా చేయవచ్చు, అయితే ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి ఎత్తితే ఆ కొన్ని క్షణాల్లో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బరువు లేపేటప్పుడు నోటితో గాలి వదలండి, దించేటప్పుడు ముక్కుతో పీల్చండి. ఆ రోజు కొలతలో పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ చేరితే వ్యాయామం మానేసి వైద్యుణ్ణి సంప్రదించండి. కొన్నిరకాల బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు గనుక చేతి గడియారంలో కనిపించే అంకెను నమ్మడం కంటే, వ్యాయామం మధ్యలో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా చూసుకోవడం మేలు.

మీకు స్వింగ్‌తో ఇప్పుడే పనిలేదు. 8 కిలోలను రెండు చేతులతో ఛాతీకి దగ్గరగా పట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని లేవడం. ఒక చేయి మంచం మీద ఆనించి, రెండో చేత్తో బరువును పక్కటెముకల వైపు లాగడం. మణికొండ పాఠకుడికి చెప్పిన డెడ్‌లిఫ్ట్. ఒక చేత్తో బిందె మోసినట్లు బరువు పట్టుకుని, పక్కకు ఒరగకుండా వసారాలో నడవడం. ఈ నాలుగూ చాలు. ఆ చివరిది చూడటానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ, నడుముకు అంత మేలు చేసేవి తక్కువ.

ప్రశ్న: అనంతపురంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. బరువు 60 కిలోలు. కెటిల్‌బెల్ కొనే స్తోమత లేదు. దండీలు, బస్కీలతోనే బలం వస్తుందా? రోజూ చేస్తున్నా ఆరు నెలలుగా ఎదుగుదల లేదు.
– ఒక విద్యార్థి

జవాబు: వీరఘట్టంలో పుట్టి, ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి కాలంలో మన వ్యాయామశాలల్లో ఉన్నవి చాలావరకు దండీలు, బస్కీలు, గదలు, రాతిగుండ్లే. మీ రాయలసీమ పల్లెల్లో పండుగలకు గుండు ఎత్తే పోటీలు మీరు చూసే ఉంటారు. కాబట్టి సామగ్రి లేకపోవడం మీ సమస్య కాదు. నిన్న చేసిన యాభై దండీలనే ఇవాళ కూడా చేస్తున్నారు, అదే సమస్య. ఇనుము పెరగకపోయినా కష్టం పెరగాలి.

అది పెంచడానికి దారులు చాలా ఉన్నాయి. దండీలో కిందికి దిగడానికి నాలుగు సెకన్లు తీసుకుని, అడుగున రెండు సెకన్లు ఆగి చూడండి. యాభై చేసేవారు పన్నెండు దగ్గరే చేతులెత్తేస్తారు. అదీ సులువైతే పాదాలను మంచం మీద ఉంచండి. బస్కీలకు బదులు ఒక కాలిని వెనుక బెంచీ మీద ఆనించి, ముందు కాలి మీదే భారం వేసి దిగండి. ఒక విడతలో ఎనిమిది నుంచి పన్నెండు వరకు చేసి, ఇంకొకటి రెండు చేయగల శక్తి మిగిలి ఉండగానే ఆపండి. మూడు విడతల్లోనూ పన్నెండు నిండిన రోజున మరింత కఠినమైన రూపానికి వెళ్ళండి. చేసినదంతా నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం లేకపోవడమే మీ ఆరు నెలలను మింగేసిందని అనుకుంటున్నాను. రోజూ కాకుండా రోజు విడిచి రోజు చేయండి, కండరం గట్టిపడేది విశ్రాంతిలోనే.

దండీలు, బస్కీలలో ఒక లోటు ఉంది: అన్నీ నెట్టడమే, లాగడం లేదు. హాస్టల్ ఆవరణలో గట్టి వేపకొమ్మ ఉంటే దాన్ని పట్టుకుని వేలాడడంతో మొదలుపెట్టి, గడ్డం కొమ్మ దాకా లేచే స్థాయికి రండి. లేదంటే ఇసుక మూట కట్టుకోండి. పొడి ఇసుక లీటరుకు సుమారు ఒకటిన్నర కిలోలు తూగుతుంది, అంటే పది లీటర్ల బకెట్టెడు ఇసుక ఇంచుమించు ఒక కెటిల్‌బెల్. రెండు పొరల సంచిలో పోసి, మూతి బిగించి కట్టి, వంగి పొట్ట వైపు లాగవచ్చు, భుజాన వేసుకుని మెట్లెక్కవచ్చు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ కూడా అంతే, లోపల నీళ్ళు కదలడం వల్ల అది ఇంకాస్త ఏడిపిస్తుంది. వీటిలో వేటినీ స్వింగ్ చేయవద్దు. పిడి ఊడితే ఎదుటి గది అద్దం పోతుంది.

తిండి సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు సిఫారసు చేసే ప్రోటీన్ శరీర బరువులో కిలోకు 0.83 గ్రాములు, అంటే మీకు 50 గ్రాములు. బలం కోసం శ్రమించేవారికి అది చాలదు, 75 నుంచి 95 గ్రాముల మధ్య చూసుకోండి. హాస్టల్ సాంబారు మీద అంత ఆశ పెట్టుకోలేం. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు వేరుశనగ గింజల్లో ఏడెనిమిది గ్రాములు ఉంటాయి. వేరుశనగకు పేరుపడ్డ జిల్లాలో ఉన్నారు, పొడి డబ్బాల జోలికి వెళ్ళకుండానే చాలావరకు నెట్టుకురావచ్చు.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, వయసు 68. పూజకు కింద కూర్చుంటే పట్టు లేకుండా లేవలేకపోతున్నాను. ఈ వయసులో కెటిల్‌బెల్ మొదలుపెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొదలుపెట్టవచ్చు, కానీ మొదటి నెల ఖాళీ చేతులతో. గుండె జబ్బు, కీళ్ళ మార్పిడి వంటివి ఉంటే వైద్యుణ్ణి ముందే అడగండి. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా ఐదుసార్లు లేవగలరేమో చూడండి. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, వారాలు గడిచేకొద్దీ దిండు తీసేయండి. 65 దాటినవారు వారానికి మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే కసరత్తు కూడా చేయాలన్నది ఇందాక చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది.

కెటిల్‌బెల్ సాధనలో ‘టర్కిష్ గెటప్’ అనేది ఒకటుంది: వెల్లకిలా పడుకుని, బరువున్న చేతిని ఆకాశం వైపు నిలిపి ఉంచి, మెల్లగా లేచి నిలబడడం. దానిని నేర్పే గురువులు మొదట బరువు ఇవ్వరు, పిడికిలి మీద ఒక బూటు పెట్టి అది పడిపోకుండా లేవమంటారు. మీకు కావలసింది సరిగ్గా అదే. మంచం పక్కన, మందపాటి పరుపు మీద, ఇంట్లో ఎవరైనా దగ్గర ఉన్నప్పుడు మోచేయి మీదికి లేవడం వరకే చేయండి. అది కుదిరాక అరచేతి మీదికి, ఆ తరువాత ఒక మోకాలి మీదికి. పూర్తిగా నిలబడడానికి రెండు నెలలు పట్టినా ఫరవాలేదు.

ప్రశ్న: విశాఖలో ఐదో అంతస్తులో అద్దెకుంటున్నాం. టైల్స్ పగులుతాయని, కింది వాళ్ళు గొడవ చేస్తారని భయం. ఎలాంటి కెటిల్‌బెల్ కొనాలి?
– ఒక జంట

జవాబు: పోతపోసిన ఇనుముతో ఒకే ముద్దగా ఉన్నదే తీసుకోండి. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి చవకే గానీ, సైజు పెద్దదై ముంజేతికి ఒరుసుకుంటాయి. దుకాణంలో పిడి లోపలి వైపు వేలు పెట్టి చూడండి. పోత అతుకు గరుకుగా తగిలితే నెలలోపే అరచేయి చీలుతుంది. ఇద్దరికీ కలిపి 8, 16 కిలోలు చాలు. తరువాతి కొనుగోలు 24 కాదు, 20. 16 నుంచి 24కు వెళ్ళడమంటే ఒకేసారి సగం బరువు కలపడం. టైల్స్ మీద బరువు దించే చోట రబ్బరు చాపను రెండు మడతలు వేయండి. మీరు నిలబడే చోట మాత్రం మెత్తనివి, జారేవి ఏవీ వద్దు, చెప్పుల్లేకుండా గచ్చు మీదే నిలబడండి. చివరి స్వింగ్ అయ్యాక బరువును వదిలేయకుండా, డెడ్‌లిఫ్ట్‌లో దించినట్లే దించితే కింది ఇంటికి చప్పుడు చేరదు.