పాత జీపుకు కూలెంట్ సీసా: ముందు మూత సంగతి చూడండి

మీరు అడిగినవి రెండు. మీ పాత మహీంద్రా సీజే3బీ పెట్రోలు జీపు రేడియేటర్‌కు పక్కన పొంగిన నీళ్లు పట్టే సీసా లేదు, అరకు ఘాట్ ఎక్కి ఆపిన ప్రతిసారీ గొట్టంలోంచి నీళ్లు నేలపాలవుతున్నాయి, మెకానిక్ ఆ గొట్టాన్ని ఒక ప్లాస్టిక్ సీసాలో దూర్చమన్నాడు, అది చాలునా అన్నది మొదటిది. ఎక్కువ ప్రెషర్ మూత పెట్టవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: చాలదు. నీళ్లు సీసాలోకి పోతాయి, తిరిగి రావు. నా దగ్గరా అదే జీపు ఉంది. సీసా పెట్టించాక అది ఎండల్లో, ఘాట్లలో ఏళ్ల తరబడి తిరుగుతోంది కనుక ఏది పనిచేస్తుందో చెప్పగలను.

అసలు ఆ జీపు నీళ్లు వదలడం జబ్బు కాదు. ఎక్కువైన నీళ్లను గొట్టం ద్వారా కిందికి వదిలేసేలాగే దాన్ని తయారు చేశారు. నీళ్లు 25 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు వేడెక్కితే నూటికి మూడున్నర వంతులు పెరుగుతాయి. సగానికి సగం కూలెంట్ (తుప్పు పట్టకుండా, త్వరగా మరగకుండా నీళ్లలో కలిపే ద్రవం) కలిపితే ఐదు వంతుల దాకా పెరుగుతాయి. ఇంజన్, రేడియేటర్ కలిపి సుమారు పది లీటర్లు పట్టే బండిలో ఇది అర లీటరుకు దగ్గర. రేడియేటర్‌ను మూత బిగించే మెడదాకా నింపితే ఆ అర లీటరుకు చోటు ఉండదు, బయటికే పోతుంది. పాత మెకానిక్‌లు మెడ అంచుకు ఒకటి రెండు అంగుళాలు కిందికే పోయమనేది అందుకే. ముందు అలా పోసి ఒకసారి ఘాట్ ఎక్కి రండి. ఇక పడకపోతే మీ బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. సీసా అప్పుడు అవసరం కాదు, సౌకర్యం మాత్రమే.

అయినా నీళ్లు తగ్గుతూనే ఉంటే సీసా జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఫ్యాన్ బెల్టు వదులైందేమో, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) సరిగా తెరుచుకోవడం లేదేమో, రేడియేటర్ రెక్కల మధ్య బురద గట్టిపడిందేమో చూడండి. వేడెక్కే ఇంజన్‌ను సీసా చల్లబరచదు. ఈ ఒక్క మాట అర్థం కాక డబ్బు పారేసుకున్నవారిని చాలామందిని చూశాను.

మీరు రాసిన వివరాల్లో నాకు ఊరట కలిగించింది ఒకటుంది: నీళ్లు పడుతున్నది బండి ఘాట్ ఎక్కేటప్పుడు కాదు, ఆపాక. ఘాట్ పైన బండి ఆపగానే పంపు, ఫ్యాన్ రెండూ నిలిచిపోతాయి, ఇనుప బ్లాకులో ఉన్న వేడి మాత్రం నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. పైగా వెయ్యి మీటర్ల ఎత్తున మామూలు నీళ్లు 97 డిగ్రీల లోపే మరుగుతాయి. కనుక పైకి చేరాక రెండు మూడు నిమిషాలు ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉంచి ఆ తర్వాత ఆపండి. టీ దుకాణం దగ్గర దీనికి ఓపిక ఎవరికీ ఉండదు, అది వేరే సంగతి.

ఇక మూత. పాత రకం మూతలో కింద ఒక స్ప్రింగు, దాని చివర ఒక రబ్బరు వాషర్ ఉంటాయి. ప్రెషర్ పెరిగితే స్ప్రింగు అణిగి, వాషర్ పైకి లేచి నీళ్లు గొట్టంలోకి పోతాయి. ఇంజన్ చల్లారాక లోపల ఏర్పడిన ఖాళీని నింపడానికి మూత నడుమ ఉన్న చిన్న వాల్వు తెరుచుకుంటుంది. చిక్కు ఇక్కడే ఉంది. పాత మూత పై అంచు కింద రబ్బరు ఉండదు, కాబట్టి గాలి అంచు సందుల్లోంచి తేలిగ్గా లోపలికి వచ్చేస్తుంది. గాలి దొరుకుతుంటే సీసాలోని నీళ్లను పైకి లాగే శక్తి ఎక్కడిది? సీసాతో పనిచేసే మూతకు కింది వాషర్‌తో పాటు పై రేకు కింద కూడా రబ్బరు వాషర్ ఉంటుంది. రెండూ బిగుసుకుంటే గాలికి దారి మూసుకుపోతుంది, వెనక్కి రాగలిగేది సీసాలోని కూలెంట్ ఒక్కటే. దుకాణంలో మూతను తిరగేసి ఈ రెండో రబ్బరు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే డబ్బాపై ఎన్ని మాటలు రాసి ఉన్నా కొనకండి.

కొత్త మూత తెచ్చినంత మాత్రాన పని అయిపోదు, మెడ దానికి సరిపోవాలి. మెడ పై అంచు నుంచి లోపలి గట్టు దాకా ఉన్న లోతు, మూత లోతు ఒకటే కావాలి. లోతు తక్కువ మూత పెడితే కింది వాషర్ గట్టుకు తగలనే తగలదు, ప్రెషర్ నిలవదు. పాత మూత చేతబట్టుకుని దుకాణానికి వెళ్లడం మంచిది. మెడ పై అంచు కూడా చదునుగా ఉండాలి. దశాబ్దాలుగా స్క్రూడ్రైవర్లతో మూతలు ఊడదీసిన మెడలకు అక్కడక్కడా సొట్టలు ఉంటాయి, రబ్బరు అతకదు. నా జీపు మెడ అలాగే ఉంటే రేడియేటర్ పనివారి దగ్గర ఇత్తడి మెడ కొత్తది టంకం పెట్టించాను. మొత్తం పనిలో శ్రమంతా ఇదే, మిగతాది ఒక పూట పని.

సీసా విషయంలో ఆడంబరం వద్దు. మారుతి 800 రేడియేటర్ పక్కన ఉండే తెల్లటి ప్లాస్టిక్ సీసా లాంటిది, లీటరు పట్టేది చాలు. మినరల్ వాటర్ సీసా మాత్రం వద్దు, 70 డిగ్రీలు దాటితే ఆ ప్లాస్టిక్ మెత్తబడి ముడుచుకుపోతుంది. సీసాను సైలెన్సర్ మొదలయ్యే మానిఫోల్డ్‌కు దూరంగా, మెడ ఎత్తుకు దగ్గరగా, దానికి పన్నెండు అంగుళాల కన్నా కిందికి దిగకుండా బిగించండి. గొట్టం సీసా అడుగుదాకా వెళ్లాలి, చివర ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, లేకపోతే వెనక్కి వచ్చేది గాలే. గొట్టానికి రెండు కొసలా క్లిప్పులు వేయించండి. సీసా మూతకు సన్న రంధ్రం ఉండాలి, దాన్ని ఎవరూ ఎంసీల్ లాంటి అతుకు ముద్దతో మూయకుండా చూసుకోండి. కొన్ని కొత్త బండ్లలో ప్రెషర్ మూత సీసా మీదే ఉంటుంది, అది వేరే ఏర్పాటు, ఆ సీసా తెచ్చి దీనికి తగిలించకండి. పాత బండి రూపం చెడుతుందని బెంగ ఉంటే బాడీకి రంధ్రాలు చేయకుండా, ఉన్న బోల్టులకే పట్టీ వేసి బిగించవచ్చు. నాదీ అలాగే ఉంది.

అమర్చాక రేడియేటర్‌ను ఈసారి మెడదాకా నింపండి, సీసాలో కింది గీత వరకు పోయండి. బాగా వేడెక్కేలా నడిపి ఆపితే సీసాలో మట్టం పెరగాలి, రాత్రంతా చల్లారాక మళ్లీ గీత దగ్గరికి రావాలి. మొదటి ఒకటి రెండు సార్లు లోపల మిగిలిన గాలి పోతూ మట్టం కాస్త తగ్గుతుంది, నింపుకోండి. ఆ తర్వాత కూడా మట్టం పెరిగి తిరిగి రాకపోతే పై రబ్బరు దగ్గరో, క్లిప్పు దగ్గరో గాలి పీలుస్తోంది. చల్లారాక పై హోసు పైపు నొక్కుకుపోయి కనిపిస్తే మూత నడిమి వాల్వు పట్టేసింది, లేదా గొట్టం ఎక్కడో మడత పడింది. ఇంజన్ నడుస్తుండగా సీసాలో బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ బ్లాకుకు, పై హెడ్‌కు నడుమ ఉండే సీలు) అనుమానించండి. సీసా పెట్టించుకున్నందుకు ఇదొక లాభం, ఇంజన్ లోపలి గుట్టు బయటికి కనిపిస్తుంది.

సీసా ఉన్నాక బోరు నీళ్లు మానేయండి. మన సున్నపు నీళ్ల ప్రాంతాల్లో ఏళ్లుగా తిరిగిన జీపుల రేడియేటర్లు విప్పితే గొట్టాల్లో తెల్లటి పొర కట్టి ఉంటుంది. కూలెంట్‌ను బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. మన వేడి ప్రాంతాల్లో గడ్డకట్టే బెడద లేకపోయినా తుప్పు పట్టకుండా, త్వరగా మరగకుండా అది కాపాడుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. నేల మీద పడినదాన్ని కుక్కలు, దూడలు నాకుతాయి. సీసా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

రెండో ప్రశ్నకు వస్తే, ఎక్కువ ప్రెషర్ మూత వద్దు. 7 పీఎస్ఐ (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలత) మూత ఉంటే సముద్రమట్టం దగ్గర నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు, 0.9 (బార్‌లలో) అని రాసి ఉండే 13 పీఎస్ఐ మూతతో 119 దాకా ఆగుతాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఒత్తిడంతా మీ పాత రేడియేటర్ టంకం అతుకులు, హోసులు, వాటర్ పంపు సీలు మోయాలి. పాత మూత మీద ఉన్న అంకెనే కొత్త మూత మీదా వెతకండి. రెండు రబ్బర్లూ ఉండి అంకె మాత్రం సరిపోని మూత దొరికితే, ఎక్కువ అంకెది కాకుండా తక్కువ అంకెది తీసుకోండి.