మావాడు పాఠం అప్పజెబుతాడు, చదవలేడు

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. బాబుకు ఎనిమిదేళ్లు, ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో మూడో తరగతి. ఒకటి, రెండు తరగతుల్లో పాఠాలన్నీ గడగడా చెప్పేవాడు, మేమూ మురిసిపోయాం. ఇప్పుడు చూస్తే అదంతా బట్టీనే, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి చదవమంటే నోరు మెదపడు. తెలుగులో ఒత్తు కనిపిస్తే వదిలేస్తాడు, ఇంగ్లీషులో మొదటి అక్షరం చూసి ఏదో ఒకటి అనేస్తాడు. నోటిలెక్కలు మాత్రం టక్కున చెప్తాడు. స్కూల్లో ధ్యాస లేదంటారు. ట్యూషన్ పెట్టిస్తే రాత్రి ఎనిమిదిన్నరకు ఏడుపు ముఖంతో వస్తున్నాడు. మొన్న మమ్మల్ని పిలిపించి, రెండో తరగతిలో మళ్లీ కూర్చోబెడతాం, ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి అన్నారు. మా ఆయనేమో 'నాకూ చదువు అబ్బలేదు, వాడూ అంతే' అని ఊరుకున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, టీసీ తీసుకోవద్దు. విద్యా హక్కు చట్టం 2009లో 16వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి పంపెయ్యకూడదు. అదే తరగతిలో ఆపడానికి 2019 సవరణ వీలు ఇచ్చింది 5, 8 తరగతుల్లోనే, అదీ ఫెయిలైన పిల్లలకు రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టి చూశాకే. మూడో తరగతి పిల్లాణ్ని రెండుకు దించడం ఇందులో ఎక్కడా లేదు. హెడ్‌మాస్టర్‌తో గొడవ పడకుండా, గట్టిగా ఈ మాట చెప్పండి. ఒకవేళ దించినా మీవాడికి ఒరిగేదేమీ లేదు, పోయినేడు ఏ పద్ధతిలో చెబితే రాలేదో అదే పద్ధతిలో అదే పాఠం ఇంకో ఏడాది వింటాడు, అంతే.

మీరు రాసిన గుర్తులు చూడండి. మాటలు బాగా వస్తాయి, నోటిలెక్క వస్తుంది, జ్ఞాపకశక్తి ఎంత ఉందంటే రెండేళ్లు బట్టీతో బండి లాగేశాడు, అక్షరం దగ్గరే ఆగుతున్నాడు, తండ్రికీ అలాగే జరిగింది. డిస్లెక్సియా ఉందేమో పరీక్ష చేయించడానికి ఇవి చాలు. దానికీ తెలివికీ సంబంధం లేదు. చెవికి వినిపించే శబ్దాన్నీ కంటికి కనిపించే అక్షరాన్నీ జత చేయడం ఆ పిల్లలకు మిగతావాళ్ల కంటే చాలా కష్టమవుతుంది, పైగా ఇది కుటుంబాల్లో వస్తూ ఉంటుంది. ఈ మాట మీ ఆయనకు నెమ్మదిగా చెప్పండి. చిన్నప్పుడు ఆయన్ను మొద్దు అన్నవాళ్లు ఉంటారు, ఆయన అదే నమ్మి బతికి ఉంటారు. ఈ సంగతి తెలిస్తే కొడుకు పక్కన కూర్చునే మొదటి మనిషి ఆయనే కావచ్చు.

ముందు చెవులు, కళ్లు చూపించండి. చెవిలో చీము కారడం, జలుబుతో చెవి మూసుకుపోవడం తరచూ జరిగే పిల్లలకు 'ప'కీ 'బ'కీ తేడా సరిగా వినపడదు, అది మనం కనిపెట్టలేం. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందాలు చూడాల్సిన వాటిలో చదువులో ఇబ్బందులు కూడా ఉన్నాయి. వాళ్లు పంపే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రంలో, అంటే డీఈఐసీలో, వినికిడి, చూపు, మాట అన్నీ ఒకచోటే చూస్తారు. మీది ప్రైవేటు స్కూలు కాబట్టి, ఆ కేంద్రం గురించి ప్రభుత్వాసుపత్రిలో మీరే అడగండి. కళ్లద్దాలు పెడితే డిస్లెక్సియా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చూపు లోపం ఉంటేనే అద్దాలు.

తర్వాత ఎక్కడ ఆగాడో మీరే కనిపెట్టండి. పాఠ్యపుస్తకం పనికిరాదు, అది వాడికి నోటికొచ్చు. అర్థం లేని పదాలు రాసి చదివించండి: టప, లికు, మోబే, గుబ్బి, నెర్త. ఇవి బట్టీకి దొరకవు. టప చదివి లికు దగ్గర తడబడితే గుణింతం రాలేదన్నమాట. మోబే దగ్గర అయితే ఒకారం, ఓకారం తేడా తేలలేదు. గుబ్బి వచ్చి నెర్త రాకపోతే ద్విత్వం (అదే అక్షరం ఒత్తు) వచ్చింది, సంయుక్తం (వేరే అక్షరం ఒత్తు) రాలేదు. ప-వ, మ-య, ద-ధ కలిపేస్తున్నాడా చూడండి. మన లిపిలో అక్షరం, దాని గుర్తు, దాని ఒత్తు మూడూ పట్టుబడాలి కాబట్టి మామూలు పిల్లలకే మూడు నాలుగేళ్లు పడుతుంది. మీవాడు గుణింతం దగ్గర ఆగి ఉంటే, ట్యూషన్‌లో మూడో తరగతి పాఠం పదిసార్లు రాయించడం శుద్ధ దండగ. ఆ ట్యూషన్ మానిపించండి, అది వాడికి నేర్పుతున్నది భయం ఒక్కటే.

స్కూలుకు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా వదిలేయొద్దు, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రోజూ 20 నిమిషాలు, ఇలాంటి ఇబ్బందే ఉన్న ముగ్గురు నలుగురు పిల్లలతో కలిపి, వాడు ఆగిన చోటి నుంచి ఒక టీచర్ చెప్పాలని అడగండి. ముందుగా చదివి సిద్ధం కానిదే క్లాసులో అందరి ముందూ లేపి చదివించొద్దని రాయండి. ఇది నేను అన్నిటికంటే గట్టిగా అడుగుతాను, ఆ నిలబడే రెండు నిమిషాల భయంతోనే చాలామంది పిల్లలు కడుపునొప్పి అని బడి మానేస్తారు. సైన్స్, సోషల్ జవాబులు నోటితో చెప్పనివ్వమనండి, స్పెల్లింగ్ తప్పుకు ఆ సబ్జెక్టుల్లో మార్కులు కొయ్యొద్దనండి, బోర్డు మీదిది మొత్తం ఎక్కించే పని తగ్గించమనండి. వీటికి డబ్బు ఖర్చు లేదు. కొట్టడం, అవమానించడం విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, అలాంటిది జరుగుతుంటే అదీ రాయండి.

వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి ఈ అభ్యసన ఇబ్బందులూ ఉన్నాయి. పిల్లల్లో వీటిని వీలైనంత తొందరగా గుర్తించాలని ఆ చట్టం బడులకు చెప్పింది. సర్టిఫికెట్‌కు ఎనిమిదేళ్లు నిండాలి, మీవాడికి నిండాయి. దానికి ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ముందు ముందు పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటివాటికి అది పనికొస్తుంది. కానీ ఆ కాగితం వచ్చేదాకా స్కూలు చేతులు కట్టుకుని కూర్చుంటానంటే ఒప్పుకోవద్దు, 20 నిమిషాలు కూర్చోబెట్టి చెప్పడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. మండలాల్లో ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగి ఒకసారి కలవండి.

ఇంట్లో పావుగంట చాలు. మొదట తెలుగే పట్టుకోండి. ఇంట్లో మాట్లాడేది అదే, రాసినట్టే చదువుతాం, ఇంగ్లీషులా ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలకదు. ఒక భాషలో చదవడం పట్టుబడితే రెండోది తేలికవుతుంది. అన్నం తినేటప్పుడు పుస్తకం లేకుండా ఆడించండి: కాకిలో 'కి' తీసేస్తే ఏం మిగిలింది, పలకలో 'ప' తీసి 'చి' పెడితే ఏమైంది. శబ్దం విడదీయడం వస్తే అక్షరం దానికి అతుక్కుంటుంది. రాత్రి మీరు కథ చదవండి, వాడు మీ వేలి వెంట చూపు నడిపితే చాలు, చదవమని అడగొద్దు. కథలంటే ఇష్టం పోకుండా చూడటం కూడా ఈ వైద్యంలో భాగమే.

ప్రశ్న: నేను కోసిగి వైపు ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మిరప కోతలకు గుంటూరు వెళ్లిన కుటుంబాల పిల్లలు నెలల తరబడి రారు. నాలుగో తరగతిలో సగం మందికి రెండో తరగతి పాఠం రాదు. వీళ్లందరికీ డిస్లెక్సియా అనుకోవాలా?

జవాబు: అనుకోవద్దు మేడమ్. బడికి రాని పిల్లాడికి చదవడం రాకపోవడం జబ్బు కాదు. పైగా మీ వైపు చాలా ఇళ్లలో కన్నడం, మాకు తెలిసి కొన్ని ఊళ్లలో ఉర్దూ మాట్లాడతారు, ఆ పిల్లలు అక్షరంతో పాటు తెలుగు మాటలూ నేర్చుకుంటున్నారు. రోజూ ఒక గంట తరగతులు పక్కనపెట్టి పిల్లల్ని స్థాయిని బట్టి కూర్చోబెట్టండి, అక్షరాల గుంపు, పదాల గుంపు, పేరా గుంపు, కథ గుంపు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా చేస్తున్న పద్ధతే ఇది. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం కూడా మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుని చదవగలగాలన్నదే కాబట్టి, ఆ గంట ఎందుకని పైవాళ్లు అడిగితే అదే చూపించండి. ఇలా చేస్తే కొన్ని నెలల్లో ఎక్కువమంది కదులుతారు. బడికి రోజూ వస్తూ, ఈ గుంపులోనే కూర్చుని, తోటివాళ్లు ముందుకు పోతున్నా కదలని ఒకరిద్దరు మిగులుతారు చూడండి, డిస్లెక్సియా పరీక్షకు పంపాల్సింది వాళ్లను. ఇంకో మాట, వలస వెళ్లేముందే తల్లిదండ్రులతో సీజనల్ హాస్టల్ (వలస కాలంలో పిల్లలు ఉండి చదువుకునే వసతి) గురించి మాట్లాడండి, లారీ ఎక్కే రోజు చెబితే వినే పరిస్థితిలో ఉండరు.

ప్రశ్న: గుంతకల్లు నుంచి. మా మనవరాలికి ఐదున్నరేళ్లు. ఎడమ చేత్తో రాస్తుంది, 3 అంకె తిరగేసి వేస్తుంది. చెయ్యి మార్పించమంటారా?

జవాబు: వద్దు పెద్దాయనా. ఎడమచెయ్యి లోపం కాదు, ఆ వయసులో అంకెలు తిరగబడటం మామూలే. ఏడేళ్లు దాటాక కూడా తిరగేస్తూ, చదవడంలోనూ వెనకబడితే అప్పుడు చూపించండి. ఈలోగా ఇసుకలో, పలక మీద పెద్దగా రాయించండి, కాగితాన్ని కొంచెం కుడివైపు వంచి పెడితే ఎడమచేతికి సులువుగా ఉంటుంది.