ఆట మధ్యలో ఆగిపోతే... పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు, లైట్లు ఆగవు. నా గేమింగ్ పీసీ (రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 4060) మాత్రం టప్పున ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. షాపులో అడిగితే పాత పవర్ సప్లై తీసేసి 750 వాట్లది వేయించమన్నారు. ఇంకో సంగతి, క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు పర్సు లోపల పెట్టేయండి. వాట్లు చాలకపోవడం మీ సమస్య కాదు. లెక్క చూడండి: 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు, ప్రాసెసర్ 76 దాకా, బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లు కలిపి ఓ 50, మానిటర్ 30. పవర్ సప్లైలో పోయేది కూడా కలిపితే గోడ సాకెట్ దగ్గర 300 వాట్లు, అటూ ఇటూ. 750 వాట్లది పెట్టినా మీ పీసీ లాగేది అంతే.

అసలు గొడవ కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునే లోపు వచ్చే సందు. ఫ్యాన్‌కి ఆ సందు తెలియదు, రెక్కలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి. పీసీ మాత్రం ఆ కాసేపూ పవర్ సప్లై లోపలున్న పెద్ద కెపాసిటర్‌లో దాచుకున్న కరెంటు మీదే బతకాలి. ఫుల్ లోడ్ మీద అది నిలబడేది దాదాపు 16 మిల్లీసెకన్లు. పాతబడిన కెపాసిటర్ అంత కూడా నిలవదు.

ఇన్వర్టర్ వెనకో ముందో ఒక చిన్న స్విచ్ ఉంటుంది చూడండి. ఒకవైపు యూపీఎస్ అనీ, ఇంకోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. చాలా ఇళ్లల్లో అది నార్మల్‌లోనే ఉండిపోతుంది, బిగించి వెళ్లినవాళ్లు చెప్పరు. నార్మల్‌లో ఇన్వర్టర్ తాపీగా మారుతుంది. యూపీఎస్‌లో పెడితే సాధారణంగా 10 మిల్లీసెకన్ల లోపే అందుకుంటుంది. దీనికి ఖర్చు సున్నా. కాకపోతే ఒక చిక్కుంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కంటే పడిపోతే చాలు, కరెంటు ఉన్నా బ్యాటరీకి మారిపోతుంది. సాయంత్రాలు లో వోల్టేజీ ఉండే వీధిలో బ్యాటరీ నిండే సమయమే దొరకదు. అలాంటి చోట ఆడుకునేటప్పుడు యూపీఎస్‌లో, మిగతా వేళ నార్మల్‌లో ఉంచుకోవాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం కూడా చూసుకుంటూ ఉండండి.

స్విచ్ మార్చాక పరీక్ష ఇలా చేయండి. పనులన్నీ సేవ్ చేసి, ఖాళీ డెస్క్‌టాప్ మీద ఉండగా ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ ఎంసీబీ దించండి. పీసీ నిలబడితే, ఒక బరువైన గేమ్ తెరిచి మళ్లీ దించండి. ఖాళీగా ఉన్నప్పుడు నిలబడి గేమ్‌లో పడిపోతోందంటే సందు ఇంకా ఎక్కువుందని, లేదా పవర్ సప్లై ముసలిదైందని అర్థం. అప్పుడు కొనాలి కొత్తది, అది కూడా 550 వాట్ల మంచి రకం చాలు. రెండుసార్లూ పడిపోతే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమేమో చూడండి, అంటే కరెంటును నున్నటి అలలా కాకుండా మెట్లుమెట్లుగా ఇచ్చేది. ఈ కాలపు పవర్ సప్లైలలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే) సర్క్యూట్‌కీ స్క్వేర్ వేవ్‌కీ చాలాసార్లు పొసగదు. ట్యూబ్‌లైటూ ఫ్యానూ గుర్రుమని మోగుతుంటే అది స్క్వేర్ వేవ్ అనడానికి గుర్తు. దాని మీద ఇంకో చిన్న యూపీఎస్ తగిలించి గట్టెక్కుదామనుకోకండి, ఆ యూపీఎస్ కూడా ఈ కరెంటును ఒప్పుకోక కుయ్యోమంటూ తన బ్యాటరీ తాగేస్తుంది. నున్నటి అలలా కరెంటిచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరే దారి.

బ్యాటరీ మీద ఎంతసేపు ఆడొచ్చు? 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. చేతికొచ్చేది వెయ్యి చిల్లర. పీసీ 300, రెండు ఫ్యాన్లు 150, లైట్లు 30 వేసుకుంటే రెండు గంటలు, బ్యాటరీ కొత్తదైతేనే. గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో ఫ్రేమ్‌లకు (సెకనుకి గీసే బొమ్మలకు) 60 దగ్గర కట్టు వేస్తే కార్డు ఊపిరి పీల్చుకుంటుంది, ఇంకాసేపు వస్తుంది.

ఇక జివ్వుమనడం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పవర్ సప్లైలో లైన్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే అందులోంచి వచ్చేది భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం వోల్టేజీ తేలుతుంది. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్‌లో కొలిపించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. నిజంగా ఎక్కడో వైరు తగులుతోందేమో కూడా అప్పుడే తేలిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి ఉంటే అది ఈరోజే పారేయండి. అన్నట్టు, ఎర్త్ లేని ఇంట్లో పీసీ, టీవీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. రెండూ ఆపి, ప్లగ్గులు పీకి, అప్పుడు గుచ్చండి.

ప్రశ్న: కంట్రోలర్ కొని ఏడాదిన్నర. ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా నా ప్లేయర్ వాడంతట వాడే పక్కకి నడుస్తున్నాడు. వారంటీ అయిపోయింది. కొత్తది కొనాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: అక్కర్లేదు. స్టిక్ కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. లోపల కార్బన్ పూత మీద ఒక లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరలాడేది గుర్తుంటే, ఇదీ అదే జబ్బు. స్టిక్ ఎక్కువసేపు ఉండేది నడిమధ్యలో కనుక పూత ముందు అక్కడే అరుగుతుంది.

ముందు జబ్బు ఎంతో కొలవండి. విండోస్‌లో రన్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిషులో కొట్టి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. స్టిక్ వదిలేసినప్పుడు గుర్తు మధ్యలో కుదురుగా ఉండాలి. కొద్దిగా పక్కకి ఉన్నా కదలకుండా ఉంటే గేమ్‌లో డెడ్ జోన్ (స్టిక్ కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని మధ్య మేర) పెంచితే సరిపోతుంది. ఒక్కో మెట్టే పెంచుతూ, ప్లేయర్ నిలబడిపోయిన చోట ఆపండి. ఎక్కువ పెంచితే తుపాకీ గురి మెల్లగా కదపడం పోతుంది, అది ఈ డ్రిఫ్ట్ (తనంతట తానే పక్కకి జరగడం) కంటే చికాకు. గుర్తు వణుకుతూ ఎగిరెగిరి పడుతుంటే దుమ్మో, అరుగుదలో.

దుమ్ముకి మందు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కంట్రోలర్ ఆపి, కేబుల్ పీకి, స్టిక్‌ను ఒక పక్కకి వంచి ఆ సందులో రెండు చుక్కలు వేయండి. అన్ని వైపులకూ వంచి అలాగే. తర్వాత ఓ నిమిషం పాటు గుండ్రంగా తిప్పండి, అరగంట ఆరనివ్వండి. కీళ్లకు కొట్టే స్ప్రే నూనెలు వద్దు, ఆ జిడ్డు దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. శానిటైజర్ అసలే వద్దు, అందులో నీళ్లూ జెల్లూ ఉంటాయి.

ఇది వారం పది రోజులు పనిచేసి మళ్లీ మొదటికి వస్తే పూత పోయినట్టే. ఇక స్టిక్ మాడ్యూల్ మార్చాలి. మామూలు రకానికి బోర్డు మీద 14 చోట్ల టంకం ఉంటుంది. మొదటిసారి సోల్డరింగ్ చేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. కొన్ని కాళ్లు గ్రౌండ్ పొరకి అతుక్కుని ఉండి వేడిని లాగేస్తాయి, టంకం కరగదు, చేత్తో లాగితే బోర్డు మీది రాగి రింగు ఊడొస్తుంది. పాత టంకం మీద కాస్త కొత్త టంకం, ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పదార్థం) వేసి కరిగిస్తే సులువు. అలవాటు లేకపోతే సెల్‌ఫోన్ బోర్డులు బాగుచేసే కుర్రాళ్లకి ఇవ్వండి, వాళ్లకిది అరగంట పని.

మార్చేటప్పుడు మళ్లీ కార్బన్ రకమే వేయించడం దండగ. హాల్ ఎఫెక్ట్ గానీ టీఎంఆర్ గానీ అడగండి. వీటిలో సెన్సర్ అయస్కాంతాన్ని తాకకుండానే చదువుతుంది, రాసుకునేదే లేదు. ఇదేదో నిన్నమొన్నటి విద్య కాదు, 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌క్యాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది. కొన్ని కంట్రోలర్లు పాత స్టిక్ మధ్యస్థానాన్ని మెమరీలో పెట్టుకుంటాయి, మార్చాక క్యాలిబ్రేషన్ చేయకపోతే కొత్త స్టిక్కూ పక్కకే నడుస్తుంది. ఇస్తున్నప్పుడే ఆ మాట అడగండి. స్ప్రింగు మాత్రం ఇందులోనూ వదులవుతుంది, అది వేరే సంగతి.

ప్రశ్న: అటక మీద మా చిన్నప్పటి టీవీ వీడియో గేమ్ దొరికింది, తుపాకీతో సహా. ఎల్‌ఈడీ టీవీకి పెడితే మారియో వస్తోంది గానీ బాతుల ఆటలో ఒక్క బాతూ పడటం లేదు. తుపాకీ పాడైందా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: తుపాకీ బాగానే ఉండి ఉంటుందండీ. అది పేల్చేది ఏమీ లేదు, చూసేది మాత్రమే. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. గొట్టంలోని సెన్సర్‌కి ముందు చీకటి, వెంటనే వెలుగు కనబడితే బాతు పడుతుంది. డబ్బా టీవీ ఈ బొమ్మను వచ్చింది వచ్చినట్టే, సెకనుకి పదిహేను వేల పైచిలుకు గీతలుగా గీస్తుంది. తుపాకీ ఎదురుచూసేది ఆ లయకే. ఎల్‌ఈడీ టీవీ సిగ్నల్‌ను ఆపి, సాగదీసి, దిద్ది ఆలస్యంగా చూపిస్తుంది, గీతలుగా గీయదు కూడా. తెల్ల చదరం వచ్చేసరికి ఆట ‘తప్పింది’ అని తేల్చేసి కుక్క చేత నవ్వించేసి ఉంటుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే మారియో దూకడం కాస్త చురుకవుతుంది గానీ బాతులు పడవు.

డబ్బా టీవీ ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చుకోండి, పాత సామాన్ల కొట్టుల్లో అడిగినా దొరకొచ్చు. వెనక మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

అడాప్టర్ జాగ్రత్త. ఈ గేములు ఎక్కువగా 9 వోల్టులవి, పిన్ను మధ్యలో మైనస్సా ప్లస్సా అనేది ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది. పెట్టె కింద బొమ్మ వేసి ఉంటుంది, దాన్ని బట్టే కొనండి. సెట్‌టాప్ బాక్సు 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే లోపలి రెగ్యులేటర్ మిగతా వోల్టులన్నీ వేడిగా వదలాలి, కాసేపటికే పెట్టె కాలుతుంది. క్యాసెట్ పట్టకపోతే ఊఫ్ అని ఊదడం మనందరి అలవాటే, కానీ ఆ తేమకి రాగి చిలుము పడుతుంది. తెల్ల రబ్బరుతో కాంటాక్టులను మెల్లగా రుద్ది, దూదిపుల్లకు పైన చెప్పిన ఆల్కహాల్ అద్ది తుడవండి.

ప్రశ్న: మా అబ్బాయి పట్టుబట్టి 144 హెర్ట్జ్ మానిటర్ కొనిపించుకున్నాడు. ఇప్పుడు వాడే తేడా ఏమీ లేదంటున్నాడు. వాళ్ల నాన్నగారు రోజూ సాధిస్తున్నారు.
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: బహుశా అది ఇంకా 60లోనే, అంటే సెకనుకి 60 బొమ్మల దగ్గరే, నడుస్తోందమ్మా. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ 144 పెట్టమనండి. ఆ అంకె జాబితాలోనే లేకపోతే కేబుల్ పాతదై ఉండొచ్చు. హెచ్‌డీఎంఐ తీసి డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ వాడితే సాధారణంగా వస్తుంది. కేబుల్‌ను మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాడా అన్నదీ చూడమనండి. అన్నీ సరిగ్గా ఉన్నా గేమ్‌లో ఫ్రేమ్‌లు 70 దాటకపోతే మానిటర్ ఏం చేయలేదు, నీడలు, రిఫ్లెక్షన్లు తగ్గించుకోవాలి. 60లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144లో 6.9. పరుగులు తీసే షూటింగ్ ఆటల్లో ఇది కంటికి ఆనుతుంది. క్రికెట్ ఆటకైతే ఇంత పట్టు పట్టాల్సింది కాదు.

ప్రశ్న: నేను డాలస్‌లో, తమ్ముడు కరీంనగర్‌లో. కలిసి షూటింగ్ గేమ్ ఆడితే ఎప్పుడూ ఒకరి పింగ్ 250. ఇద్దరిదీ ఫైబర్ కనెక్షనే. ప్లాన్ పెంచితే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తగ్గదు. పింగ్ అంటే సిగ్నల్ సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. ప్లాన్ పెంచితే పైపు వెడల్పవుతుంది, దూరం తగ్గదు. మీ ఇద్దరి మధ్య దాదాపు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ తిన్నగా వేసినా పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు. సముద్రం కింద కేబుళ్లు వంకరలు తిరిగి వెళ్తాయి కాబట్టి 200 దాటడం మామూలే.

సర్వర్ ఎంచుకోనిచ్చే ఆటైతే యూరప్‌ది పెట్టండి, బాధ ఇద్దరికీ సమంగా పంచినట్టుంటుంది. తమ్ముడు వైఫై వదిలేసి లాన్ కేబుల్ గుచ్చుకుంటే కనీసం మధ్యమధ్యలో ఎగిరిపడే పింగ్ కుదుటపడుతుంది, అసలు చికాకు పెట్టేది స్థిరంగా ఉన్న 200 కంటే అదే. ఇవన్నీ చేసినా ఎదురుబొదురు కాల్పుల్లో మీరు ఓడతారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి వ్యూహపు ఆటలకీ, వంతులవారీ ఆటలకీ, మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు కట్టుకోవడానికీ ఈ పింగ్ పెద్దగా అడ్డురాదు. మీకు వేసవిలో రాత్రి 9 అయితే తమ్ముడికి మర్నాడు పొద్దున 7:30, వాడికి కాలేజీ లేని రోజు చూసుకుని మొదలుపెట్టండి.