అల్యూమినియం మూడింటి దగ్గరే ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: ఆవర్తన పట్టికలోని ఒక పీరియడ్‌లో కుడివైపు వెళ్లేకొద్దీ అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావలసిన శక్తి) పెరుగుతుందని చదివాం. మరి మెగ్నీషియంకు 738, దాని పక్కనున్న అల్యూమినియంకు 578 కిలోజౌళ్లేమిటి? ఒక ఎలక్ట్రాన్ అంత తేలిగ్గా ఊడితే, ఒకటితో సరిపెట్టక మూడు ఎందుకు పోగొట్టుకుంటుంది?
– ప్లస్ టూ విద్యార్థిని, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: అచ్చుతప్పేమీ కాదు. ఎలక్ట్రాన్ విన్యాసం రాసి చూడండి. మెగ్నీషియం చివర 3ఎస్² ఉంటే, అల్యూమినియంలో దానిపైన 3పి¹ చేరుతుంది. ప్రోటాన్ ఒకటి పెరిగినా 3పి శక్తిస్థాయి 3ఎస్ కంటే ఎత్తులో ఉంది. పైగా 3ఎస్ ఎలక్ట్రాన్లు కేంద్రకం దాకా ఎక్కువగా చొచ్చుకుపోయి, కేంద్రకం ఆకర్షణ 3పి ఎలక్ట్రాన్‌కు పూర్తిగా అందకుండా కొంత అడ్డుపడతాయి. అందుకే సులువుగా ఊడుతుంది. బెరిలియం (899), బోరాన్ (801) దగ్గరా ఇదే కథ. ‘ఎస్ నిండింది కాబట్టి స్థిరం’ అని రాస్తే మార్కులు పడతాయేమో గానీ కారణం చెప్పినట్టు కాదు.

ఇక మూడు ఎందుకంటే, అల్యూమినియం వరస అయనీకరణ శక్తులు చూడండి: 578, 1817, 2745, 11577. నాలుగోది నియాన్ విన్యాసమున్న లోపలి కర్పరం నుంచి రావాలి, అందుకే ఆ గెంతు. సోడియంలో గెంతు రెండోదానికే: 496 నుంచి 4562కి.

అయితే అష్టకం (బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) మీద మోజుతో ఏ పరమాణువూ ఎలక్ట్రాన్లు వదలదు. మూడూ తీయడానికి మోల్‌కు 5140 కిలోజౌళ్లు మనమే పెట్టాలి. చిన్నదైన మూడు ధనావేశాల అయాన్ ఆక్సైడ్ అయాన్లతో జాలకం (అయాన్లు వరసగా పేర్చుకున్న స్ఫటికం) కట్టినప్పుడు వెలువడే శక్తి ఆ ఖర్చును మించిపోతుంది. నాలుగోదాని ఖర్చు మాత్రం ఎలాగూ తీరదు.

మీ దామన్‌జోడిలో బాక్సైట్ ఖనిజం నుంచి తీసే అల్యూమినా(అల్యూమినియం ఆక్సైడ్)లో ఉన్నవి ఈ అయాన్లే. వాటిని లోహం చేయాలంటే ఆ మూడూ తిరిగివ్వాలి: 27 గ్రాములకు 2,89,500 కూలుంబులు. స్మెల్టర్లకు అంత కరెంటు అందుకే.

ప్రశ్న: ఇనుములో చివర నిండేది 3డి కదా, అయాన్ రాసేటప్పుడు 4ఎస్‌ను ముందు కొట్టేస్తారేం?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నిండే వరసను తిరగేసి ఎలక్ట్రాన్లు తీయకూడదు. బయటి కర్పరం నాలుగోది, ముందు పోయేవి అందులోవే. రెండు పోతే 3డి⁶, మూడోది 3డి నుంచి పోతే 3డి⁵. రెండు పోయిన అయాన్‌కు 3డి⁴ 4ఎస్² అని రాస్తే తప్పు.