‘కట్ట విడిపోయి దొర్లే బాక్టీరియా’: ఏ పని ఎవరిది?

సందేహం: ఇంటర్ చదివే మా అబ్బాయి పాఠంలో ఈ వాక్యం ఉంది. ‘కశాభాలు అపసవ్యదిశలో తిరుగుతూ కట్టగా ఏర్పడి కణాన్ని ముందుకు నెట్టగా, కొన్ని సవ్యదిశకు మళ్లినప్పుడు కట్ట విడిపోయి దొర్లే బాక్టీరియా, ఆహార గాఢత పెరిగే దిశలో ఆలస్యంగా దొర్లుతూ ఆహారాన్ని చేరుతుంది.’ ఆహారం ఎటుందో తెలుసుకుని బాక్టీరియా అటు తిరుగుతుందని వాడు రాస్తే లెక్చరరు గారు కొట్టేశారు. నాకూ అలాగే అర్థమైంది. లోపం మాదా, వాక్యానిదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, వ్యాకరణం ప్రకారం వాక్యంలో తప్పు పట్టలేం. కానీ పిల్లల పాఠంలో ఇలా రాయకూడదు. ‘చేరుతుంది’ అనే ఒక్క సమాపక క్రియ కోసం చివరిదాకా ఆగాలి. ఈలోగా కర్త కశాభాల (బాక్టీరియా ఒంటి మీద తోకల్లా ఉండే సన్నని పోగులు) నుంచి కట్టకు, కట్ట నుంచి బాక్టీరియాకు మారిపోతుంది.

క్త్వార్థకానికీ (‘తిని’, ‘పడి’ లాంటి అసమాపక క్రియ) తర్వాతి క్రియకూ కర్త ఒకటే ఉండాలని బడిలో నేర్చుకున్నాం. ‘అన్నం తిని పడుకున్నాడు’ అంటే తిన్నదీ పడుకున్నదీ ఒకరే. ‘కట్టగా ఏర్పడి నెట్టగా’ అన్నచోట అది సరిపోతుంది. ‘కట్ట విడిపోయి దొర్లే బాక్టీరియా’ దగ్గర సరిపోదు. విడిపోయేది కట్ట, దొర్లేది బాక్టీరియా. మీ ఊరి మిర్చి యార్డులో ‘వాన పడి సరుకు తడిసింది’ అంటారు కదా, అక్కడా కర్తలు ఇద్దరే. ఇలాంటి చోట క్త్వార్థకం కారణం చెబుతుంది. ‘కట్ట విడిపోవడం వల్ల దొర్లే’ అని చదువుకోవాలి.

మీ అబ్బాయి పొరపడింది మాత్రం ‘ఆలస్యంగా దొర్లుతూ’ దగ్గర. ‘పాడుతూ నడిచాడు’లో రెండు పనులూ ఒకేసారి జరిగాయి, అంతే. ‘రోజూ కొంత దాస్తూ ఇల్లు కొన్నాడు’లో దాచడమే కొనడానికి సాధనం. పాఠంలోనిది ఈ రెండో రకం. దాన్ని మొదటి రకంగా చదివితే ఆహారాన్ని ఎలా చేరిందో తెలియదు. ఆ ఖాళీని ‘తెలుసుకుని’ అనే మాటతో నింపుకుంటాం. ‘పెరిగే దిశలో’ అన్నదీ తోడై, అటే గురిపెట్టి వెళ్తోందనిపిస్తుంది. అక్కడ ‘వెళ్తున్నప్పుడు’ అని రాసి ఉంటే ఈ చిక్కు రాకపోను.

జరిగేది చూడండి. ఈ.కోలై అనే బాక్టీరియా కశాభాల మొదట్లో మోటార్లుంటాయి. ప్రోటాన్లు లోపలికి ప్రవహిస్తుంటే అవి సెకనుకు సుమారు 100 చుట్లు తిరుగుతాయి. అన్నీ అపసవ్యంగా తిరిగినంతసేపు, అంటే సుమారు ఒక సెకను, కణం దాదాపు నేరుగా పరుగెడుతుంది. కొన్ని ఎదురు తిరగ్గానే సెకనులో పదో వంతు దొర్లి మళ్లీ పరుగు అందుకుంటుంది. ఈసారి ఎటు పోతుందన్నది చాలావరకు యాదృచ్ఛికం. 1972లో హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ ఒక్కో బాక్టీరియాను వెంబడించే సూక్ష్మదర్శినితో గమనించి చెప్పిన సంగతి ఇది. ఆహారం ఎక్కువవుతున్న వైపు పోతుంటే దొర్లడం వాయిదా పడి ఆ పరుగు పొడవవుతుంది. అలాంటి పరుగులు కలిసి కణాన్ని ఆహారం వైపు చేరుస్తాయి. నాకెంతో ఇష్టమైన విషయం ఇది. దాన్ని ఇంత ఇరుకు వాక్యంలో కుక్కడం బాధగా ఉంది.

నేనైతే ఇలా విడగొట్టి రాస్తాను: ‘కశాభాలన్నీ అపసవ్యదిశలో తిరిగితే కట్టగా కలిసి కణాన్ని ముందుకు నెడతాయి. కొన్ని సవ్యదిశకు మళ్లితే కట్ట విడిపోతుంది, బాక్టీరియా దొర్లుతుంది. ఆ తర్వాత ఏ దిక్కుకైనా మళ్లవచ్చు. ఆహార గాఢత పెరిగే వైపు వెళ్తున్నప్పుడు అది తక్కువసార్లు దొర్లుతుంది. అందువల్ల క్రమంగా ఆహారాన్ని చేరుతుంది.’

ఇంకొకటి. సవ్యం, అపసవ్యం అన్నవి ఎటు నుంచి చూస్తున్నామో చెబితేనే తేలతాయి. కశాభం కొస నుంచి కణం వైపు చూస్తే అపసవ్యం అని అర్థం. పాఠం ఆ మాట వదిలేసింది. మీ అబ్బాయిని బొమ్మ పక్కన రాసుకోమనండి.