ఖరహరప్రియ పట్టుకొని జాజ్‌లోకి

ప్రశ్న: తిరుపతిలో నాదస్వరం నేర్చుకుంటున్నాను. శాక్సఫోన్ మీద ఇష్టంతో జాజ్ వింటున్నా, దేన్ని ఆధారం చేసుకోవాలో పట్టుబడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
– ఒక విద్యార్థి

జవాబు: ఖరహరప్రియ రాగం దగ్గర మొదలుపెట్టు నాయనా.

జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్క్‌లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లో మొదటిది 'సో వాట్'. అప్పటి జాజ్‌లో చాలావరకు వాయించేవాళ్ళు వెంటవెంటనే మారే కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వెనక పరిగెత్తాల్సిందే. నిన్ను తికమక పెడుతున్నదీ అదే. మైల్స్ ఆ పరుగు ఆపి, ఒక్క స్వరశ్రేణి ఇచ్చి పెంచుకోమన్నాడు. వాళ్ళు దాన్ని డోరియన్ అంటారు. గమకాలు లేవు కాబట్టి మన రాగం అనలేం గానీ, స్వరస్థానాలు అచ్చంగా ఖరహరప్రియవే.

శ్రుతిపెట్టె రెండు కట్టైకి (వాళ్ళ లెక్కలో D) పెట్టుకో. నాలుగు దెబ్బలకు ఒక బారు చొప్పున తాళం వెయ్యి. 16 బార్లు రెండులోనే ఉంటారు. తర్వాత 8 బార్లు షడ్జమమే రెండున్నరకు జరుగుతుంది, మళ్ళీ 8 బార్లు రెండుకు దిగుతుంది. ఈ 32 బార్లే ఆవర్తనం, చివరిదాకా ఇదే తిరుగుతుంది. పాత ఎల్‌పీ మాత్రం వద్దు. ఆ రోజు రికార్డు చేసిన టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరగడంతో మొదటి వైపు శ్రుతి పైకి పోయింది, నీ పెట్టెతో కలవదు. 1990ల్లో సరిచేసి మళ్ళీ విడుదల చేశారు, అది వెతుక్కో.

పల్లవిలాంటిదాన్ని పాల్ చేంబర్స్ డబుల్ బాస్ మీద ఎత్తుకుంటాడు. ఆ తర్వాత మైల్స్ ట్రంపెట్, స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత చోటు వదులుతాడో! వెంటనే టెనర్ శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్, ఆల్టో మీద క్యానన్‌బాల్ ఆడర్లీ, చివర పియానోతో బిల్ ఎవాన్స్. అవే స్వరాలు, ఎవరి మనోధర్మం వారిది. గోవిందరాజస్వామి ఊరేగింపులో మేళం వాళ్ళు రాగం పెంచుకుంటూ పోవడం విన్న చెవికి ఇది కొత్త కాదు.

నాకు ప్రాణం కోల్ట్రేనే. 1964 డిసెంబరులో ఆయన రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' దేవుడికి కృతజ్ఞతగా చేసుకున్న నాలుగు భాగాల రచన. చివరి భాగంలో తాను రాసుకున్న ప్రార్థనను నోటితో పలకకుండా, మాట తర్వాత మాటగా శాక్సఫోన్ మీద వాయించాడు. సాహిత్యం మనసులో అనుకుంటూ కృతి వాయించమని మీ గురువుగారు చెప్పేది ఇదే కదా! ఆ ప్రార్థన ఆల్బమ్ అట్ట మీద అచ్చయింది. దాన్ని ముందు పెట్టుకొని, ఒక్కో మాట మీద వేలు పెట్టి విను.